శిక్ష, శిక్షణ, శ్రమ: కృష్ణా డెల్టా క్రీడాచరిత్రలో కాఠిన్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కళాశాల స్థాయి క్రీడాశిక్షణలో కాఠిన్యం సమర్థనీయమా అనే ప్రశ్నకు సాధారణంగా పతకాల పట్టికను చూపి సమాధానం చెబుతారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నను విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల చరిత్రలో నిలిపి పరిశీలిస్తుంది. వీధిబడిలోని దండన, వలసపాలన కాలపు డ్రిల్లు, స్వాతంత్ర్యానంతర కళాశాల మైదానం, ఇంటిలోనే సాగిన శిక్షణ, ప్రత్యేక అకాడమీ అనే దశల గుండా కాఠిన్యపు అర్థం ఎలా మారిందో వివరిస్తుంది. శ్రమలోని కాఠిన్యం, మనిషి పట్ల కాఠిన్యం అనే రెండింటి మధ్య గీత చెరిగిపోవడానికి చారిత్రక కారణాలున్నాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రీడాశిక్షణ, దండన, వీధిబడి, డ్రిల్లు, వ్యాయామ విద్య, విజయవాడ, కృష్ణా డెల్టా, కోచ్

1. ప్రవేశం

తెలుగులో ‘శిక్ష’ అంటే దండన, ‘శిక్షణ’ అంటే నేర్పడం. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. సంస్కృతంలో ‘శిక్షా’ శబ్దానికి ప్రధానార్థం విద్యాభ్యాసం. హిందీ ఆ అర్థాన్నే నిలుపుకొంది. తెలుగు వ్యవహారంలో మాత్రం ఆ మాట న్యాయస్థానానికీ, బెత్తానికీ దగ్గరైంది. ‘సర్వశిక్షా అభియాన్’ అనే పథకం పేరు తెలుగు పల్లెల్లో మొదట వినపడినప్పుడు ఎవరికి శిక్ష అన్న హాస్యం పుట్టడం ఊరకే జరిగింది కాదు. ఒక భాషలో నేర్పడమూ దండించడమూ ఇంత దగ్గరి చుట్టాలైనప్పుడు, ఆ భాష మాట్లాడే సమాజంలో శిక్షకుడి కాఠిన్యం గురించి జరిగే చర్చ కొంత గజిబిజిగా ఉండడం సహజం.

ఈ చర్చలో తప్పక వినిపించే నానుడి ‘దండం దశగుణం’. కర్ర లేనిదే చదువు రాదన్న అర్థంలో ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ దానిని ఉదహరిస్తారు. అయితే ఆ సుభాషితం పూర్తిపాఠం చెప్పే పది ఉపయోగాలు వేరు. పక్షులను, కుక్కలను, శత్రువులను, పాములను, పశువులను అదుపు చేయడానికీ, బురదలో, నీటిలో, చీకటిలో నడవడానికీ, అంధులకూ వృద్ధులకూ ఊతంగానూ కర్ర పనికివస్తుందని అది చెబుతుంది. ఆ పదింటిలో విద్యార్థి లేడు. చివరి పాదం మాత్రమే లోకంలో నిలిచి, మిగిలిన శ్లోకం మరుగున పడడం వల్ల చేతికర్ర బెత్తంగా మారింది. క్రీడాశిక్షణలోని అనేక నమ్మకాల పుట్టుక కూడా ఇటువంటిదే. ఒకప్పుడు ఒక సందర్భంలో అర్థమున్న మాట, సందర్భం తొలగిపోయాక సూత్రంగా స్థిరపడింది.

విజయవాడలో ‘కోచింగ్’ అనగానే చాలామందికి మొదట స్ఫురించేది మైదానం కాదు, ప్రవేశపరీక్ష. 1980ల మధ్య నుంచి ఎంసెట్ పరీక్ష చుట్టూ పెరిగిన ఇంటర్మీడియట్ కళాశాలల వల్ల ఆ మాట అర్థం ఈ నగరంలో అలా స్థిరపడింది. మైదానపు కోచ్‌కూ, తరగతిగది కోచింగుకూ నడుమ ఉన్న బంధుత్వం ఈ పరిశీలనలో మళ్లీ ఎదురవుతుంది.

2. వీధిబడి నుంచి డ్రిల్లు మైదానం దాకా

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల స్థితిగతులపై జిల్లా కలెక్టర్ల నుంచి వివరాలు కోరాడు. దానికి సమాధానంగా బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక తెలుగు, కన్నడ వీధిబడుల దినచర్యను విపులంగా వర్ణించింది. ధరంపాల్ 1983లో ప్రచురించిన సంకలనం ద్వారా ఈ నివేదిక ఆధునిక పరిశోధకులకు సుపరిచితమైంది. దాని ప్రకారం, ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడికి సున్న చుట్టేవారు. మూడవవాడి నుంచి దెబ్బలు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోయేవి. సోమరిగా ఉన్నవాణ్ణి కొట్టడం, రెండు చేతులూ కట్టి కప్పు నుంచి వేలాడదీయడం, లేదా అదేపనిగా కూర్చుని లేపించడం ఉండేవి.

తెలుగువారు కోదండం, గుంజీలు అన్న పేర్లతో ఎరిగిన శిక్షలు ఇవే. అయితే క్యాంప్‌బెల్ గుంజీల గురించి చేసిన ఒక వ్యాఖ్య ప్రత్యేకంగా గమనించదగింది. అది మిక్కిలి బాధాకరమూ అలసట కలిగించేదీ అయినా, బహుశా ఆరోగ్యానికి మంచిదేమో అని ఆయన అభిప్రాయపడ్డాడు. శిక్షగా విధించిన చేష్టను వ్యాయామంగా సమర్థించిన తొలి లిఖిత సాక్ష్యాలలో ఇది ఒకటి. రెండు శతాబ్దాల తర్వాత కూడా ఆలస్యంగా వచ్చిన ఆటగాడిని మైదానం చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించే కోచ్ చెప్పే సమర్థన ఇంతకు మించి లేదు: శిక్షా అయింది, ఒంటికి మంచిదీ అయింది.

ఈ సమర్థనలోని లోపం అంత సులువుగా కనపడదు. గుంజీలు, బస్కీలు, గోడకుర్చీ కండరాలను బలపరిచేవే. కాని వ్యాయామానికి మోతాదు ఉంటుంది. శరీరం ఎంత ఓర్చుకోగలదో చూసి దానిని నిర్ణయిస్తారు. శిక్షకు మోతాదును నిర్ణయించేది తప్పు పరిమాణం, లేదా శిక్షించేవాడి కోపం. ఒకే చేష్ట రెండు వేర్వేరు లెక్కలకు లోబడుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే విజయవాడలో సాయంత్రం నాలుగు గంటల ఎండలో అదనపు రౌండ్లు పరిగెత్తించేటప్పుడు ఏ లెక్క పనిచేస్తున్నదన్నది మాటల తేడా కాదు. వడదెబ్బకు శిక్షకుడి ఉద్దేశంతో నిమిత్తం లేదు.

వలసపాలన పాఠశాలల్లో ప్రవేశించిన డ్రిల్లుకు సైనిక కవాతు మూలం. గీత గీసినట్టు నిలబడడం, ఆజ్ఞకు తక్షణం కదలడం దాని సారం. ‘డ్రిల్లు మేష్టారు’ అన్న పాత్ర తెలుగు పాఠశాలలోకి వచ్చింది ఈ దారినే. దీనికి భిన్నమైన ధోరణి మద్రాసులో మొదలైంది. అమెరికన్ అయిన హ్యారీ క్రో బక్ 1920లో అక్కడ వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. దేశంలో వ్యాయామోపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మొదటి కళాశాల అది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు కూడా బక్ గారే. కృష్ణా, గుంటూరు జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో భాగం కనుక, ఆటల ద్వారా దేహాన్ని, నడవడిని తీర్చిదిద్దాలనే ఆ సంస్థ దృక్పథం ఇక్కడికీ చేరింది. అయితే అది డ్రిల్లును తొలగించలేదు, దాని పక్కన నిలిచింది. స్వాతంత్ర్యం తర్వాత డ్రిల్లుకే మళ్లీ బలం చేకూరింది. 1948లో ఎన్.సి.సి. ఏర్పడింది. ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసిన జె.కె. భోంస్లే నాయకత్వంలో 1954లో జాతీయ క్రమశిక్షణ పథకం ఆరంభమైంది. ‘క్రమశిక్షణ’ అన్న మాటలోనూ ‘శిక్ష’ దాగి ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆచరణలో మాత్రం అది అంత యాదృచ్ఛికంగా కనిపించదు.

3. డెల్టా కళాశాలల మైదానాలు

కృష్ణా డెల్టాలో ఉన్నతవిద్యకు పాత చరిత్ర ఉంది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాల నోబుల్ కళాశాలగా ఎదిగింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి కేంద్రస్థానం బెజవాడే. 1930లో అది వాల్తేరుకు తరలింది. 1937లో బెజవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1950లో గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు కళాశాల, 1953లో విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాల వెలిశాయి. ఈ తరం కళాశాలల ప్రధాన లక్షణం విశాలమైన ఆవరణ. దానధర్మాలతో సమకూరిన ఎకరాల్లో తరగతి గదులతో పాటు మైదానమూ సహజంగా ఏర్పడింది. మైదానం ఉన్నచోట ఫిజికల్ డైరెక్టరు ఉన్నాడు. ‘పీడీ గారు’ అన్న పిలుపులో భయమూ ఆప్యాయతా సమానంగా ఉండేవి.

ఈ కాలపు క్రీడాకారుడికి డెల్టాలో నమూనాగా నిలిచిన వ్యక్తి దండమూడి రాజగోపాలరావు. కృష్ణా జిల్లాకు చెందిన ఈ వెయిట్ లిఫ్టర్ దేశస్థాయిలో పేరు గడించి, 1963 నాటి ‘నర్తనశాల’ చిత్రంలో భీముడి పాత్ర ధరించాడు. విజయవాడలోని ఇండోర్ స్టేడియం నేటికీ ఆయన పేరుతోనే ఉంది. బరువులెత్తే విద్యలో కాఠిన్యం ఇనుముదే. ఎవరు అరిచినా, ఎవరు బుజ్జగించినా ఇనుము బరువు మారదు. వ్యాయామశాల సంప్రదాయంలో గురువు పాత్ర, ఇనుముకూ మనిషికీ మధ్య నిలిచి ఈరోజు ఎంత, రేపు ఎంత అని నిర్ణయించడం. శ్రమ కఠినంగా ఉండాలంటే శిక్షకుడు కఠినుడై ఉండనక్కర లేదన్న సంగతి అక్కడ ప్రత్యక్షంగా తెలుస్తుంది.

జట్టు ఆటల్లో పరిస్థితి ఇంత తేట కాదు. చెడుగుడు, వాలీబాల్ డెల్టా పల్లెల ఆటలు. ఊరి చెరువుగట్టున నేర్చిన కుర్రవాడు కళాశాల జట్టులోకి వచ్చేసరికి, అతడి ముందున్న ఫలం కేవలం గెలుపు కాదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడిన ధ్రువపత్రం రైల్వేలోనో, పోలీసు శాఖలోనో, బ్యాంకులోనో ఉద్యోగానికి దారి తీసేది. జట్టులో ఎవరుండాలో తేల్చేది పీడీ గారు. అంటే శిక్షకుడి చేతిలో ఒక రైతుకూలీ కుటుంబపు భవిష్యత్తు ఉండేది. కాఠిన్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు గొంతు స్థాయిని మాత్రమే లెక్కలోకి తీసుకుని, ఈ అధికారాన్ని మరచిపోవడం పరిపాటి. చెంపదెబ్బ తిన్న ఆటగాడు మౌనంగా ఉండడానికి కారణం ఎప్పుడూ గురుభక్తే కాదు. పేరు జాబితాలో నుంచి పోతుందన్న భయమూ కావచ్చు. అరవై ఏళ్ల తర్వాత అతడే ఆ దెబ్బను తలచుకుని నవ్వితే, ఆ నవ్వును సమ్మతిగా నమోదు చేయడంలో చరిత్రకారుడు కొంత జాగ్రత్త వహించాలి.

4. ఇల్లే మైదానమైనప్పుడు

1990ల నుంచి డెల్టా క్రీడాచరిత్రలో ప్రధానమైన మార్పు కళాశాల మైదానం వెలుపల జరిగింది. శిక్షణ భారం తల్లిదండ్రుల మీదికి వచ్చింది. దీనికి అత్యంత ప్రసిద్ధమైన ఉదాహరణ కోనేరు హంపి. 1987 మార్చి 31న గుడివాడలో జన్మించిన ఆమెకు తొలి శిక్షకుడు తండ్రి కోనేరు అశోక్. రసాయనశాస్త్ర అధ్యాపకుడైన ఆయన, స్వయంగా చదరంగ క్రీడాకారుడు. కుమార్తె శిక్షణ కోసం ఉద్యోగాన్నే వదులుకున్నాడు. 1997లో పదేళ్లలోపు, 1998లో పన్నెండేళ్లలోపు, 2000లో పద్నాలుగేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిళ్లను, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్‌ను హంపి గెలుచుకుంది. 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొంది, జుడిత్ పోల్గర్ రికార్డును మూడు నెలల తేడాతో అధిగమించింది. 2019లోనూ, మళ్లీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది.

జుడిత్ పోల్గర్ తండ్రి లాస్లో పోల్గర్ కూడా ముగ్గురు కుమార్తెలకు బడి మాన్పించి ఇంటిలోనే శిక్షణ ఇచ్చాడు. బుడాపెస్టులోనూ, గుడివాడ–విజయవాడల్లోనూ ఒకే రకపు ప్రయోగం జరిగిందనడం అతిశయోక్తి కాదు. కాని ఈ రెండు సందర్భాలనూ ‘కఠిన శిక్షణ’ అన్న ఒక్క పేరుతో పిలవడం తొందరపాటు. గంటల తరబడి సాధన చేయించడం నిస్సందేహంగా శ్రమతో కూడినదే. అయితే తండ్రి తన జీతాన్ని, జీవితాన్ని కూడా పందెంలో ఒడ్డిన శిక్షణ అది. బిడ్డ ఓడితే తానూ ఓడే శిక్షకుడి కాఠిన్యం, ఒక జట్టు పోతే మరుసటి ఏడాది మరో జట్టును తీసుకునే శిక్షకుడి కాఠిన్యం నైతికంగా ఒకటి కావు. మరోవైపు, ఇంటిలోని శిక్షకుడి నుంచి బిడ్డకు వేరే ఇల్లు లేదు. కళాశాల విద్యార్థి సాయంత్రం ఆరు గంటలకు పీడీ గారి నుంచి విముక్తుడవుతాడు. శిక్షకుడే తండ్రి అయిన పిల్లకు భోజనపు బల్ల దగ్గర కూడా ఆట ముగియకపోవచ్చు. అందువల్ల ఇంటి శిక్షణను ఆదర్శంగా చూపేవారు దానిలో అంతా ఆ తండ్రి వివేకం మీదే ఆధారపడుతుందన్న సంగతిని కూడా చెప్పవలసి ఉంటుంది.

వెన్నం జ్యోతి సురేఖ ఉదాహరణ ఇంకొక కోణాన్ని చూపుతుంది. 1996లో విజయవాడలో జన్మించిన ఈమె తండ్రి సురేంద్రకుమార్ కబడ్డీ క్రీడాకారుడు, పశువైద్యుడు. అయిదేళ్లు నిండకముందే ఆమె కృష్ణానదిని అయిదు కిలోమీటర్ల దూరం మూడుసార్లు 3 గంటల 20 నిమిషాల 6 సెకన్లలో ఈది రికార్డు పుస్తకాలకెక్కింది. తరువాత విలువిద్యలోకి మారి, విజయవాడ సమీపంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయంలో చదువుతూనే అంతర్జాతీయ స్థాయికి ఎదిగింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో వ్యక్తిగత, మహిళల జట్టు, మిశ్రమ జట్టు అంశాల్లో మూడు స్వర్ణాలు సాధించింది. అయిదేళ్ల పిల్ల నదిని ఈదడం గొప్పా, ప్రమాదమా అని అడిగితే రెండు సమాధానాలకూ ఆధారాలు చూపవచ్చు. ఇక్కడ గమనించదగిన అంశం వేరు: ఆమె పతకాలు సాధించింది ఈతలో కాదు. తొలి కాఠిన్యానికీ చివరి ఫలానికీ మధ్య గీసే సరళరేఖ ఎంత బలహీనమో ఈ ఒక్క మలుపు తెలుపుతుంది.

5. రహీం, గోపీచంద్

డెల్టా బాలబాలికల్లో చాలామంది ఉన్నత శిక్షణకు హైదరాబాదు వెళ్లినవారే కనుక, ఆ నగరపు ఇద్దరు శిక్షకులను పరిశీలించక తప్పదు. సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడిగా పనిచేసి ఫుట్‌బాల్ శిక్షకుడైనవాడు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, తదుపరి భారత జట్టుకు శిక్షణనిచ్చాడు. పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ప్రవేశం ఆయన శిక్షణలో లభించినవే. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో మరణించేనాటికి ఆయనకు కఠిన క్రమశిక్షణాపరుడన్న పేరు స్థిరపడింది.

ఆ కాఠిన్యం ఏ రూపంలో ఉండేదన్నదే ముఖ్యం. ఆటగాళ్లు బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో రహీం పోటీలు నిర్వహించేవాడు. డ్రిబ్లింగ్ నిషేధించి, పాస్‌లతోనే ఆడే పోటీలూ పెట్టేవాడు. కుడికాలి వాటం ఉన్నవాడికి ఎడమకాలితో మాత్రమే ఆడమనడం కంటే కఠినమైన ఆజ్ఞ మరొకటి ఉండదు. అందులో అవమానం మాత్రం లేదు. మైదానంలోని ఇరవై ఇద్దరికీ అదే ఇబ్బంది. ఆయన కష్టాన్ని మనిషి మీద కాక పని మీద మోపాడు. కఠిన శిక్షకుల పేరు చెప్పి తమ దురుసుతనాన్ని సమర్థించుకునేవారు రహీం పేరు తలచేముందు ఈ ఎడమకాలి పోటీలను గుర్తుచేసుకోవడం మంచిది.

పుల్లెల గోపీచంద్ ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో జన్మించాడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచి, 2008లో గచ్చిబౌలిలో అకాడమీని ప్రారంభించాడు. ఆయన పద్ధతిలోని కాఠిన్యం 2016 రియో ఒలింపిక్స్ తర్వాత దేశమంతటా ప్రచారమైంది. మూడు నెలలపాటు పి.వి. సింధు ఫోన్‌ను ఆయన తన వద్దే ఉంచుకోవడం, తీపిపెరుగు, ఐస్‌క్రీమ్‌లను నిషేధించడం, రజతపతకం తర్వాతే వాటిని అనుమతించడం పత్రికల్లో కథలు కథలుగా వచ్చాయి. ఆ వార్తలు చదివిన తల్లిదండ్రులు, కళాశాల యాజమాన్యాలు ఫోన్ లాక్కోవడాన్ని విజయసూత్రంగా స్వీకరించడం ఆశ్చర్యం కాదు. అదే కాలంలో గోపీచంద్ తన ఆహారాన్ని కూడా నియంత్రించుకుని, సింధుకు సాధనలో తోడుగా ఆడేందుకు దేహాన్ని సిద్ధం చేసుకున్నాడన్న సగం కథ మాత్రం అంతగా ప్రచారం కాలేదు. తాను పాటించని నియమాన్ని ఇతరులపై విధించని శిక్షకుడికి లభించే అధికారం వేరు. హాస్టల్ వార్డెన్ తన ఫోన్ చూసుకుంటూ విద్యార్థి ఫోన్‌ను బీరువాలో పెట్టినంత మాత్రాన ఆ అధికారం రాదు.

గోపీచంద్ అకాడమీ చరిత్రలో దీనికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. సైనా నెహ్వాల్ 2014లో ఆయనను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ వద్దకు వెళ్లింది. 2015లో ప్రపంచ ప్రథమ స్థానానికి చేరింది. 2017లో తిరిగి గోపీచంద్ వద్దకు వచ్చింది. సింధు కూడా తర్వాతి కాలంలో కొరియా శిక్షకులతో పనిచేసి, పార్క్ తే సాంగ్ శిక్షణలో టోక్యో కాంస్యం సాధించింది. ఆటగాళ్లు వెళ్లగలిగారు, వెళ్లి గెలవగలిగారు, తిరిగి రాగలిగారు. వదిలి వెళ్లే తలుపు తెరిచి ఉన్నప్పుడు ఒక శిక్షకుడి కాఠిన్యాన్ని స్వీకరించడం ఎంపిక అవుతుంది. స్కాలర్‌షిప్పు, హాస్టలు, ధ్రువపత్రం, హాజరు అన్నీ ఒకే చేతిలో ఉన్న కళాశాల విద్యార్థికి ఆ తలుపు ఎక్కడుందన్నది అడగవలసిన ప్రశ్న.

6. జపాన్ అనుభవం

ఈ ప్రశ్నకు ఒక దేశం యాభై ఏళ్ల వ్యవధిలో రెండు సమాధానాలు చెప్పింది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ మహిళల వాలీబాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టు క్రీడాకారిణుల్లో అత్యధికులు నిచిబో కైజుకా నూలుమిల్లు కార్మికులు. శిక్షకుడు హిరోబుమి దైమత్సు, రెండవ ప్రపంచయుద్ధంలో ఇంఫాల్ పోరాటం నుంచి బతికి బయటపడిన సైనికుడు. పగటి పని ముగిశాక అర్ధరాత్రి దాకా సాధన చేయించేవాడు. అలసి పడిపోయినవారి మీదికి బంతులు విసురుతూ లేచి అందుకోమనేవాడు. క్రీడాకారిణులు ఆయనను సమర్థించారు. దేశం ఆయనను వీరుడిగా కొలిచింది.

2012 డిసెంబరులో ఒసాకా నగరంలోని సకురనోమియా ఉన్నత పాఠశాల బాస్కెట్‌బాల్ జట్టు నాయకుడైన బాలుడు, కోచ్ దెబ్బల తర్వాత ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరణం జపాన్ సమాజాన్ని కుదిపింది. 2013 ఏప్రిల్‌లో ఆ దేశపు ప్రధాన క్రీడాసంస్థలు కలిసి క్రీడల్లో హింసను నిర్మూలించాలని ప్రకటన చేశాయి. దైమత్సు దెబ్బలను సమర్థించాడనో, ఒసాకా కోచ్ ఆయనను అనుకరించాడనో చెప్పడానికి ఆధారం లేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. జాతీయ విజయగాథగా ఒక పద్ధతిని కీర్తించినప్పుడు, ఆ పద్ధతిలోని వివేకం అందరికీ అందదు. అందులోని దురుసుతనం మాత్రం ఎవరైనా అందుకోవచ్చు.

7. పతకం ఎవరి సాక్ష్యం?

1985లో కేంద్రప్రభుత్వం ఉత్తమ శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారాన్ని ఏర్పాటు చేసింది. విలుకాండ్ర నగరంగా పేరు తెచ్చుకున్న విజయవాడలో ఈ పేరు ఒక్క క్షణం ఆగి ఆలోచింపజేస్తుంది. నన్నయ ఆదిపర్వం చదివిన తెలుగు పాఠకుడికి ద్రోణుడు అర్జునుడి గురువు మాత్రమే కాదు, ఏకలవ్యుడి బొటనవేలు అడిగినవాడు కూడా. ద్రోణుడి శిక్షణ ఎటువంటిదని అర్జునుణ్ణి అడిగితే ఒక సమాధానం వస్తుంది. పురస్కారాల సభల్లో వేదికమీద ఉండేది అర్జునుడే.

క్రీడాశిక్షణ చరిత్రకు ఆధారాలుగా లభించేవి విజేతల ఇంటర్వ్యూలు, అభినందన సంచికలు, ఆత్మకథలు. కోచ్ కొట్టాడు కనుక ఇంతవాణ్ణయ్యానని చెప్పే పతకవిజేత సాక్ష్యం నిజాయితీతో కూడినదే. కాని అదే కోచ్ చేతి దెబ్బ తిని, మోకాలి గాయంతోనో, మనసు విరిగిపోయో ఆట మానేసినవారు ఏ సంచికలోనూ మాట్లాడరు. వారి సంఖ్య తెలియకుండా పద్ధతి ఫలించిందని చెప్పడం, ఒడ్డుకు చేరినవారిని మాత్రమే అడిగి నది లోతును అంచనా వేయడం వంటిది. కళాశాల పాత హాజరు పుస్తకాల్లో, మధ్యలో జట్టు వదిలినవారి పేర్లలో ఈ చరిత్ర రెండవ సగం ఉంది. డెల్టా కళాశాలల చరిత్రలు రాస్తున్న పరిశోధకులు ఇంతవరకు ట్రోఫీల గదికి వెళ్లినంతగా ఆ పుస్తకాల వద్దకు వెళ్లలేదు.

ఇక్కడే తరగతిగది కోచింగు ప్రసక్తి మళ్లీ వస్తుంది. 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల స్థాపన, 1983లో క్యాపిటేషన్ రుసుము నిషేధ చట్టం, ఆపై ఉమ్మడి ప్రవేశపరీక్ష – ఈ క్రమంలో ర్యాంకు అనేది డెల్టా కుటుంబాల ప్రధాన ఆశగా మారింది. బహుళ అంతస్తుల భవనాల్లో నడిచే ఇంటర్మీడియట్ కళాశాలల్లో మైదానం అంతరించింది. మైదానం పోయినా మైదానపు క్రమశిక్షణ పోలేదు. తెల్లవారుజామున లేపడం, రోజంతా గంటకొట్టినట్టు సాగే దినచర్య, వారంవారం ర్యాంకుల ప్రకటన, వెనకబడినవారిని వేరే సెక్షన్‌కు మార్చడం – ఇవన్నీ క్రీడా శిబిరపు పద్ధతులే, ఆట మాత్రం లేదు. జూనియర్ కళాశాలల విద్యార్థుల ఆత్మహత్యల నేపథ్యంలో 2001లో నీరదారెడ్డి అధ్యక్షతన, 2017లో చక్రపాణి అధ్యక్షతన ప్రభుత్వం కమిటీలను నియమించవలసి వచ్చింది. క్రీడల్లో శ్రమకు శరీరమే ఒక హద్దు చెబుతుంది. కండరం పట్టేస్తుంది, కాలు కదలదు. చదువు శిబిరంలో ఆ హద్దును చెప్పే అవయవం కంటికి కనపడదు.

మనస్తత్వవేత్త డయానా బామ్రిండ్ 1960లలో పెంపకపు రీతులను వర్గీకరిస్తూ, అధికారంతో శాసించే తల్లిదండ్రులనూ, అంతే గట్టిగా నిలబడుతూనే కారణం చెప్పి పిల్లల మాట వినే తల్లిదండ్రులనూ వేరు చేసింది. రెండవ రీతి మెతకది కాదు; ఆశించే స్థాయి అందులోనూ ఎత్తైనదే. తెలుగులో ‘స్ట్రిక్టు’ అన్న ఒక్క మాటలో ఈ రెండూ కలిసిపోతాయి. ‘స్ట్రిక్టు మాష్టారు’ అని ఒక తరం చెప్పుకునే ఇద్దరిలో ఒకరు నెట్ ప్రాక్టీసుకు అందరికంటే ముందు వచ్చేవారు కావచ్చు, ఇంకొకరు అందరి ముందూ తిట్టేవారు కావచ్చు.

8. చట్టం చేరని చోటు

భారత శిక్షాస్మృతిలోని 88, 89 సెక్షన్లను ఆధారం చేసుకుని, మేలు కోరి మితంగా దండించే హక్కు ఉపాధ్యాయుడికి ఉందని వలసపాలన కాలపు న్యాయస్థానాలు అంగీకరించాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో జీవో ఎం.ఎస్. 16 ద్వారా విద్యానియమావళిని సవరించి పాఠశాలల్లో శారీరక దండనను నిషేధించింది. కేంద్రం 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. కాని ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తించేది. ఇంటర్మీడియట్ విద్యార్థి వయసు పదహారు, పదిహేడు. 2015 నాటి బాలన్యాయ చట్టం 75వ సెక్షన్ పద్దెనిమిదేళ్లలోపు వారిపై క్రూరత్వాన్ని నేరంగా పరిగణిస్తుంది. అయితే అది నేరం జరిగాక పోలీసు స్టేషన్ మెట్లెక్కితే ఉపయోగపడేది. డిగ్రీ విద్యార్థి వయోజనుడు; అతడికి సాధారణ నేరచట్టమే దిక్కు. అందరి ముందూ కులం పేరుతోనో, ఒంటిరంగుతోనో, బరువుతోనో ఎత్తిపొడిచే మాటకు, గాయంతో ఉన్నా ఆడమని ఒత్తిడి చేయడానికి, తాగునీరు ఆపడానికి కళాశాల క్రీడా వ్యవస్థలో ఫిర్యాదు స్వీకరించే ప్రత్యేక వేదిక ఏది? ర్యాగింగ్ వ్యతిరేక నిబంధనలు తోటి విద్యార్థుల చేష్టలను ఉద్దేశించినవి. శిక్షకుడు వాటి చూపు పడని చోట నిలబడి ఉంటాడు.

పటియాలాలో 1961లో స్థాపించిన జాతీయ క్రీడాసంస్థ నుంచి డిప్లొమా పొందిన శిక్షకులు శ్రమ మోతాదును, విశ్రాంతిని, గాయాల నివారణను పాఠ్యాంశాలుగా చదివి వస్తారు. కళాశాల నియామకంలో అర్హతగా అడిగేది ఆ పత్రాన్ని. ఉద్యోగంలో చేరాక కొలిచేది మాత్రం షీల్డులను. విశ్వవిద్యాలయ పోటీలకు రెండు వారాల ముందు గాయపడిన ఆటగాడికి విశ్రాంతినిచ్చి, ఆ ఏడాది షీల్డు పోగొట్టుకున్న పీడీ గారి పేరు వార్షిక నివేదికలో ఏ పేజీలో రాయాలో ఇంతవరకు ఏ కళాశాలా నిర్ణయించలేదు.